పక్క సీట్లో చెయ్యి

నిన్న సాయంత్రం మగ్గం దగ్గర నుంచి విసురుగా లేచిన రామేశ్వరమ్మ, ఇవాళ రెండోసారి చాయ్ తాగడం అయినా మళ్లీ వచ్చి కూర్చోలేదు.

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నారాయణ ఒక్కడే దిక్కులు చూస్తున్నాడు. గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. దారం మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెలు మూడు. నడుమ కూర్చున్న మనిషి ఒకటి విసిరితే, పక్కన కూర్చున్న మనిషి అంచు నాడెను అందుకుని తిప్పి పంపాలి. ఆ పక్క మనిషి పెళ్లయిన నాటి నుంచీ రామేశ్వరమ్మే. ఆమె అలిగిందంటే ఇంట్లో వంట మాట ఎలా ఉన్నా, చీర మాత్రం జానెడు కూడా ముందుకు సాగదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే అలిగింది.

"జర వచ్చి కూసోవే," అన్నాడు నారాయణ బతిమాలుతూ. "కొంగు కాడికొచ్చి ఆగింది చీర."

"ఆగనీ. బిడ్డ విమానమెక్కినంకనే నేను మగ్గమెక్కుత."

"బిడ్డ రోజూ విమానం ఎక్కుతనే ఉంది గదనే!"

"అది విమానమా? మన రాయచూరు రోడ్డు మీద ఆటోల గూడ అంతకంటే ఎక్కువ మంది కూసుంటరు."

గడపలో నిలబడి జడ అల్లుకుంటున్న సంధ్యకు నవ్వొచ్చింది. నవ్వితే తల్లి అలకను ఇంకో రోజు పొడిగిస్తుందని పెదవి కొరుక్కుని ఊరుకుంది. తల్లి మాటలో అబద్ధం కూడా లేదు. గోపాల్‌పేట దాటాక పల్లి చేల నడుమ ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో సంధ్య నేర్పించే విమానంలో నిండా కూర్చుంటే నలుగురు పడతారు. నలుగురూ సన్నగా ఉండాలి.

అసలు గొడవ విమానం పరిమాణం గురించి కాదు. వీధి మొదట్లో సంధ్య అన్న సురేష్ కట్టించిన ఫ్లెక్సీ గురించి. పెద్ద జెట్ విమానం, దాని పక్కన తోకంత ఎత్తున సంధ్య ఫొటో, కింద 'మన గద్వాల ఆణిముత్యం, ఎయిర్‌లైన్ పైలట్' అని బంగారు రంగు అక్షరాలు. నిన్న బస్సు దిగిన సంధ్య ఆ ఫ్లెక్సీ కింద నుంచి తలవంచుకుని, చున్నీ కప్పుకుని ఇంటికి వచ్చింది. రావడం రావడమే దాన్ని తీయించమంది. రామేశ్వరమ్మ ఆ మాటకే మగ్గం దిగింది.

"ఎందుకు తీయాలె? ఏం తప్పుంది దాంట్ల?" అంది ఇప్పుడు మళ్లీ, జొన్నపిండి జల్లెడ పడుతూ.

"ఎయిర్‌లైన్ అన్నదే తప్పు. నేను యాడ ఎయిర్‌లైన్ల ఉన్న? బడిల నేర్పిస్తున్న."

"ఇయ్యాల లేవు, రేపుంటవు. ఫ్లెక్సీ జర ముందుగాల పెట్టినం, అంతే గద."

"అమ్మా, లైసెన్సు ఉన్నోళ్లు మస్తు మంది ఉన్నరు. కంపెనీలు అనుభవం అడుగుతయి. గాలిల ఎన్ని గంటలు ఉన్నవని అడుగుతయి. పిల్లలకు నేర్పిస్తే నా గంటలు పెరుగుతయి, నా పని గూడ గట్టిపడ్తది. ఇంటర్వ్యూ ఇచ్చొచ్చిన గద. లైన్ల ఉన్న, పిలుస్తరు."

"నేర్చుకున్నోళ్లు నడపాలె. నేర్పుడేందే? పక్కింటి జోగులమ్మ అడుగుతుంది రోజూ, మీ బిడ్డ ఏ ఊరికి నడుపుతుందని. ఏం చెప్పాలె? గోపాల్‌పేట నుంచి గోపాల్‌పేటకే నడుపుతుందని చెప్పాలెనా?"

"నాయిన నీకు నేర్పలేదా నేత? నేర్పుడు తక్కువ పనా?"

రామేశ్వరమ్మ జల్లెడ ఆపింది. "నేర్పిండు!" అంది, ఒక్కో అక్షరం విడివిడిగా. "అడుగు మీ నాయిన్ని, ఎట్ల నేర్పిండో."

నారాయణకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. దగ్గుతూనే తెగిన పోగు ఒకటి వెతికి పట్టుకుని ముడి వేయడంలో మునిగిపోయాడు. తెగని పోగును కూడా వెతికి ముడి వేయగలడు ఆయన, ఇలాంటప్పుడు.

సంధ్య అది పట్టించుకోలేదు. ఆమె మనసులో వేరే బరువు ఉంది. ఇంట్లో 'సెలవు' అని చెప్పింది. అది సెలవు కాదు.

స్కూల్లో పెద్ద ఇన్‌స్ట్రక్టర్ స్టీఫెన్ సార్‌ది వనపర్తి. ఎయిర్‌ఫోర్స్‌లో తల నెరిపించుకుని వచ్చినా మాట మాత్రం వనపర్తి బస్టాండు దాటలేదు. మొన్న ఆయన రన్‌వే పక్కన కుర్చీ వేసుకుని, సంధ్య తన శిష్యురాలు వసంతతో చేసిన ల్యాండింగులన్నీ చూశాడు. విమానం దిగగానే ఒక్క ప్రశ్న అడిగాడు.

"గవన్ని ఎవరు దింపిండ్రు? నువ్వా, పిల్లనా?"

"పిల్లనే సార్."

"మరి అన్నీ నువ్వు దింపినట్టే ఉన్నయేంది?"

విమానంలో ఇద్దరి ముందూ కంట్రోల్స్ ఉంటాయి. ఒకరి చేతిలోంచి ఇంకొకరు తీసుకోవాలంటే 'ఐ హావ్ కంట్రోల్' అని పైకి చెప్పాలి. రెండోవారు 'యూ హావ్ కంట్రోల్' అని ఒప్పుకుని వదలాలి. మొదటి రోజు నేర్పే పాఠం అది. సంధ్య ఆ పాఠాన్ని అందరికీ చక్కగా చెబుతుంది. చెప్పి, నేల దగ్గర పడగానే మాటా పలుకూ లేకుండా తానే పట్టేసుకుంటుంది. తను పట్టుకుంటున్నట్టు తనకే తెలియదు.

"గాలిల ఇద్దరూ పట్టుకున్నమనుకుంటరు, లేకపోతే ఇద్దరూ ఇడిసినమనుకుంటరు. రెండిట్ల ఏదైనా పానం మీదికే వస్తది," అన్నాడు స్టీఫెన్ సార్, నవ్వకుండా. "ఇంటికి పోయి రా. సోమవారం నేను ఎన్క సీట్ల కూసుంట. నీ చెయ్యి చెప్పకుండ ఒక్కసారి లేసిందంటే, వసంతను ఇంకొకరికి ఇస్త. నిన్ను నేర్పే పనిల ఉంచ."

నేర్పే పని పోతే గంటలు ఆగిపోతాయి. గంటలు ఆగిపోతే ఎయిర్‌లైన్ లైన్లో ఎంత వెనక్కి పోతుందో ఎవరికీ తెలియదు. ఆ లెక్కన ఫ్లెక్సీ ముందుగా పెట్టింది కూడా కాదు, ఉత్త అబద్ధమే అవుతుంది.

కానీ సంధ్యను పొడుస్తున్నది అదొక్కటే కాదు. వసంత.

* * *

వసంత వంటింట్లో రామేశ్వరమ్మ పక్కన కూర్చుని రొట్టె తడుతోంది.

ఆ పిల్లది బల్మూర్. తండ్రి మాసయ్య, తల్లి శాంతమ్మ కూలి పనికి పుణె పోయి అక్కడే ఉన్నారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పైలట్ శిక్షణకు వచ్చింది. తనతో చేరిన వాళ్లందరూ ఒంటరిగా విమానం ఎగరేసి, ఆనవాయితీ ప్రకారం మీద బకెట్ నీళ్లు పోయించుకుని, ఫొటోలు కూడా దిగేశారు. ఈ పిల్ల ఒక్కతే మిగిలింది. హాస్టల్లో వదిలేస్తే దిండులో తల పెట్టుకుని ఏడుస్తుందని సంధ్య వెంటబెట్టుకొచ్చింది. నిన్న వచ్చినప్పుడు గడప బయటే చెప్పులతో పాటు తనూ ఆగిపోతే, అంత కోపంలోనూ రామేశ్వరమ్మ "లోపలికి రా బిడ్డా, గాలిల తిరిగే పిల్లవు గడప కాడ ఆగుతవా?" అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. కూతురి మీద అలక ఉందేమో గానీ, ఇంటికొచ్చిన పిల్ల మీద ఎందుకుంటుంది?

"మంచిగ తడుతున్నవే రొట్టె," అంది ఇప్పుడు మెచ్చుకోలుగా. "మా సంధ్య తడితే దేశపటం తీరుగ వస్తది. అవునుగాని, నీకు ఎట్ల నేర్పుతదే అది?"

"మంచిగ నేర్పుతది పెద్దమ్మా. అంత అక్కనే చేస్తది."

"అంత అదే చేస్తే నువ్వేం చేస్తవు?"

వసంత రొట్టె తిప్పింది. అబద్ధం ఆడటం ఆ పిల్లకు చేతకాదు. అది ఆ పిల్ల అదృష్టమో దురదృష్టమో గానీ, ఆ పూట మాత్రం ఆ ఇంటికి అదృష్టమే అయింది.

"నేను పట్టుకునే ఉంట పెద్దమ్మా. దిగేటప్పుడు మంచిగ దిగుతది. నేనే దింపిన అనుకుంట. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన గూడ, అమ్మా ఇయ్యాల నేనే దింపిన అని. అమ్మ చర్చిల పాట పాడించిందంట. మొన్న సార్ చెప్పిండు, అవి నీయి కావు పిల్లా అని." ఆ పిల్ల వేళ్లకంటిన పిండి గిల్లుకుంది. "సోమవారం అక్క చెయ్యి మల్ల లేస్తే, అక్కను తీసేస్తరంట. నాకు ఇంకెవరన్న వస్తరంట. నాకు అక్కనే గావాలె."

తలుపు దగ్గర సంధ్య కొయ్యబారి నిలబడింది.

వసంత చూసి నాలుక కరుచుకుంది. పెనం మీద రొట్టె మాడుతోంది. దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు.

రామేశ్వరమ్మ కూతుర్ని పైనుంచి కిందికి చూసింది. ఇంకేముంది, ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుందనుకుంది సంధ్య. సెలవని అబద్ధం చెప్పినందుకు ఒక విడత, ఉద్యోగం పోబోతున్నందుకు ఇంకో విడత. కళ్లు మూసుకుని సిద్ధపడింది.

రామేశ్వరమ్మ పిండి చేతులతో లేచింది. కూతుర్ని దాటుకుని పోయింది. నేరుగా మగ్గం గదిలోకి పోయి, మొగుడి ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కట్టుకున్న చీర మీద రెండు వైపులా తెల్లగా పిండి చేతులు పడ్డాయి.

"ఇన్నవా?"

"ఏంది?" అన్నాడు నారాయణ. అంతా విన్నాడు.

"నీ చెయ్యే వచ్చింది దానికి. అచ్చం నీ చెయ్యే!"

"నేనేం జేసిన నడుమల?"

"ఏం జేసినవా? నేను ఈ ఇంటికొచ్చిన కాడికెళ్లి ఏం జేస్తున్నవ్? అంచు నాడె నా చేతికి వచ్చుడు ఆలస్యం, నీ చెయ్యి వచ్చి దాని మీద పడ్తది. మాట లేదు, పలుకు లేదు. ఇట్ల కాదే, అట్ల అని ఒక్కనాడన్న నోరు తెరిసినవా? గుంజుకునుడే!"

"చీర ఖరాబైతదని..."

"ఎన్నడన్న ఖరాబు చేయనిచ్చినవా నన్ను? ఖరాబు చేసే నసీబు గూడ లేకపాయె నాకు!"

అంత మాట ఆమె నోటి నుంచి వస్తుందని సంధ్య ఎప్పుడూ అనుకోలేదు. మగ్గం గదిలో తల్లిదండ్రులు మాట్లాడుకోకపోవడం ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అది కలిసి పనిచేసేవాళ్ల ఒద్దిక అనుకుంది. చిన్నప్పుడు సెలవుల్లో తనూ ఆ పక్కన కూర్చునేది. నాడె తప్పితే నాన్న చెయ్యి వచ్చి సరిచేసి పోయేది. తనకు హాయిగా ఉండేది. అమ్మకు లోపల ఇంత ఉందని ఎవరు చూడొచ్చారు?

నారాయణ తలవంచుకునే అన్నాడు.

"చెప్తే నువ్వు చిన్నబుచ్చుకుంటవని... సప్పుడు గాకుండ చేసిన."

"మంచి పని చేసినవు తీ!" అంది రామేశ్వరమ్మ. కానీ గొంతులో పదును తగ్గింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "సరే. కూసుంట. ఒక్కటే షరతు. పొద్దుగూకేదాంక నీ చెయ్యి నా దిక్కు రావొద్దు. ఏదన్న ఉంటే నోటితోని చెప్పు. దేవుడు నోరిచ్చిండు గద, వక్కపొడికేనా?"

* * *

అలా అలక తీరి మగ్గం మళ్లీ కదిలింది. ఆ పూట ఆ ఇంట్లో జరిగిన వినోదం టిక్కెట్టు పెట్టి చూపించవలసింది.

నాడె వెళ్లింది. రామేశ్వరమ్మ అందుకుంది. నారాయణ చెయ్యి లేచింది.

"చెయ్యి!"

చెయ్యి వెనక్కి పోయింది. మళ్లీ నాడె వెళ్లింది. మళ్లీ చెయ్యి లేచింది. పాపం, ఆయన లేపడం లేదు. అదే లేస్తోంది. మనిషి ముఖం చీర వైపు ఉంటే, చెయ్యి దాని దారిన అది పెళ్లాం వైపు పోతోంది. రెండుసార్లు మోకాలి కింద అదిమిపెట్టుకున్నాడు. ఒకసారి బనియన్ పట్టుకుని కూర్చున్నాడు. గోడకు ఆనుకుని చూస్తున్న వసంత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కిలకిలలాడింది.

నూలూ పట్టూ ముడిపడే చోట రామేశ్వరమ్మ ఒక పోగు వదులు చేసింది. నారాయణకు అది కనబడింది. ఆయన నోట్లోంచి పంటి నొప్పి వచ్చినవాడిలా ఒక మూలుగు వచ్చింది.

"నోటితోని," అంది ఆమె.

"అంచు కాడ... జర... వదులైంది చూడు."

ఆమె వంగి చూసింది. ఆ పోగును వెనక్కి తీసుకుంది. మళ్లీ వేసింది. ఆలస్యమైంది. నారాయణ నుదుటి మీద చెమట పట్టింది. కానీ అంచు బిగిసింది.

"నేనైతే ఎప్పుడో సరిచేసేటోన్ని," అన్నాడు ఉండబట్టలేక.

"నువ్వు సరిచేస్తే, వదులైందని నాకు తెల్వకనే పోతుండె," అంది రామేశ్వరమ్మ.

సంధ్య ఆ మాట వింటూ నాన్న చేతి వైపే చూస్తోంది. మోకాలి కింద నుంచి వేళ్లు బయటికి వచ్చి కొట్టుకుంటున్నాయి. తన కుడి చెయ్యి కూడా అప్పుడు ఒడిలో కదిలింది. చూసుకుంది. అవే వేళ్లు. వసంత విమానాన్ని నేలకు దించుతున్నప్పుడు ఇవే ఇలాగే పోతాయి కాబోలు. ఆ పిల్ల దింపానని తల్లికి ఫోన్ చేసిన ల్యాండింగులన్నీ ఈ వేళ్లు దొంగిలించినవి. పుణెలో శాంతమ్మ పాడించిన పాట గుర్తొచ్చి ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. మరుక్షణం నాన్న చెయ్యి మళ్లీ లేచి, "చెయ్యి!" అన్న కేక వినగానే నవ్వు వచ్చింది. నవ్వుతోంటే కళ్లలోంచి నీళ్లు కారాయి.

"నవ్వు, నవ్వు," అన్నాడు నారాయణ ఉక్రోషంగా. "సోమవారం నీ పని గూడ ఉంది."

"ఫ్లెక్సీ మాత్రం నేను తీయ," అంది రామేశ్వరమ్మ, నాడె విసురుతూ.

* * *

సోమవారం పొద్దున గాలి నిమ్మళంగా ఉంది. పల్లి చేలలో అప్పుడే కలుపు తీస్తున్న ఆడవాళ్లు రోజూ చూసేదే అయినా విమానం కదలగానే నడుము ఎత్తి చూశారు.

ఎడమ సీట్లో వసంత. కుడి సీట్లో సంధ్య. వెనుక సీట్లో స్టీఫెన్ సార్, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని.

"నేను లేననుకోండ్రి," అన్నాడు ఆయన. అంత మనిషిని లేడనుకోవడం ఎవరి తరం?

విమానం లేచింది. చేల మీదుగా ఒక చుట్టు తిరిగి దిగడానికి వచ్చింది. సంధ్య రెండు చేతులూ తొడల మీద పెట్టుకుంది. అవసరమైతే తీసుకోవాలి, తీసుకుంటే నోటితో చెప్పి తీసుకోవాలి. అంతవరకు కదలకూడదు.

"ఎత్తున్నవు వసంతా," అంది. "దింపకు. ఇంకో చుట్టు తిరుగు."

వసంత మళ్లీ పైకి లేపింది.

రెండోసారి ఎత్తు సరిపోయింది. రన్‌వే దగ్గరకొచ్చింది. తెల్ల గీతలు పెద్దవయ్యాయి. వసంత విమానం ముక్కును కాస్త ముందుగానే పైకెత్తింది. విమానం నేలకు దిగకుండా దాని మీద తేలుతూ పోతోంది. సంధ్య కుడి చెయ్యి లేచింది. లేచినట్టు ఈసారి ఆమెకు తెలిసింది. 'చెయ్యి!' అని అమ్మ కేక చెవిలో పడింది. వేళ్లు గాలిలో ఆగాయి. తిరిగి తొడ మీదికి వచ్చాయి.

"గట్లనే పట్టు," అంది. "గుంజకు. దానంతట అది దిగుతది. ఇంక జర... ఇగ మెల్లగ."

విమానం ధబ్బున తగిలింది. ఎగిరింది. మళ్లీ తగిలింది. ముగ్గురి పళ్లూ కటకటమన్నాయి. కొంచెం పక్కకు పోయి, తిరిగి నడి గీత మీదికి వచ్చి నెమ్మదించింది.

"ఎవరు దింపిండ్రు గిది?" వెనుక నుంచి స్టీఫెన్ సార్.

"నేనే సార్," అంది వసంత. ముఖం పాలిపోయి ఉంది.

"నీదే అని తెలుస్తనే ఉంది. నా నడుము చెప్తుంది. బాగలేదు." ఆగాడు. "బాగలేదు గని నీదే. ఇంకొకటి చెయ్యి."

ఇంకొకటి చేసింది. దాని తర్వాత మరొకటి. చివరిది ఎంత మెత్తగా దిగిందంటే, చక్రాలు తగిలాయో లేదో తెలియలేదు. సంధ్య చేతులు మాత్రం తొడల మీద చెమటకు తడిసిపోయాయి.

విమానాన్ని పక్కకు తెచ్చి ఇంజను ఆపారు. స్టీఫెన్ సార్ మూలుగుతూ దిగాడు. దిగి, సంధ్య వైపు తలుపు తీశాడు.

"సంధ్యా, దిగు."

సంధ్య బెల్టు విప్పలేదు. "సార్, నా చెయ్యి లేసింది గని పట్టుకోలే..."

"చూసిన. లేసింది. ఆగింది. దిగమంటున్నది గందుకు కాదు. పిల్ల ఒక్కతే పోతది."

వసంత ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది సంధ్య. ఆ పిల్ల ఏడవలేదు. బెల్టు బిగించుకుంది, అంతే.

* * *

సంధ్య గడ్డిలో నిలబడింది. విమానం పరుగెత్తి లేచింది. పక్క సీటు ఖాళీగా ఉంది. కింద నుంచి చూస్తే కూడా ఆ ఖాళీ కనబడుతున్నట్టే ఉంది ఆమెకు. తను మొదటిసారి ఒంటరిగా ఎగిరినప్పుడు ఇంత భయం లేదు, ఇంత సంతోషమూ లేదు.

విమానం చేల చివర మలుపు తిరిగింది. అప్పుడు జేబులో ఫోను గుర్రుమంది.

తీసి చూసింది. ఎయిర్‌లైన్ ఆఫీసు నంబరు. ఇంటర్వ్యూ అయిన రోజే పేరు రాసి దాచుకున్న నంబరు. ఇన్ని నెలలుగా ఎప్పుడు మోగుతుందా అని స్నానానికి పోతూ కూడా ఫోను వెంట తీసుకుపోయేది. ఎత్తకపోతే లైన్లో తర్వాతి వాళ్లను పిలుస్తారని హాస్టల్లో అందరూ చెప్పుకుంటారు.

తల ఎత్తింది. వసంత దిగడానికి తిరుగుతోంది.

వేలు ఫోను మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. సంధ్య ఫోనును తిరిగి జేబులో వేసుకుంది. అది మోగి మోగి ఊరుకుంది. ఆమె రన్‌వే చివరి నుంచి చూపు తిప్పలేదు.

విమానం వచ్చింది. తేలింది. సంధ్య తెలియకుండానే మెల్లగా అంది, "గట్లనే పట్టు." వినడానికి అక్కడ ఎవరూ లేరు. చక్రాలు ఒక్కసారి తగిలాయి. మళ్లీ ఎగరలేదు.

పల్లి చేలో ఆడవాళ్లు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. స్టీఫెన్ సార్ నీళ్ల బకెట్ కోసం కేక వేశాడు. సంధ్య గడ్డిలో చతికిలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుని పడీ పడీ నవ్వింది. ఇంత ఆనందం ఒకరికి నేర్పితే వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి నాన్న నంబరు. మాట మాత్రం అమ్మది.

"ఏందే, ఫోను ఎత్తుత లేవంట!"

"ఎవరు చెప్పిండ్రమ్మా?"

"మీ కంపెనీ ఆయన. నువ్వు ఎత్తకపోతే నా నంబరుకు చేసిండు. కాయితంల నా నంబరు గూడ రాసిచ్చినవంట గద. హిందీల మాట్లాడిండు, నేను గూడ హిందీల అందుకున్న. మంచిగనే మాట్లాడుకున్నం."

సంధ్య నిలబడింది. "ఏమన్నడు?"

"జాగ ఖాళీ ఉందంట. వచ్చే వారమే వచ్చి చేరాలెనంట. లేకపోతే ఇంకొకరికి ఇస్తరంట."

"నువ్వేం చెప్పినవ్?"

"ఏం జెప్తనే? మా బిడ్డ పిల్లకు విమానం నేర్పుతుంది, నడుమల లేపొద్దు, జర ఆగుండ్రి సాబ్ అన్న. మీ నాయిన తల కొట్టుకుని నా ఫోను గుంజుకోనీకి చెయ్యి చాపిండు. చెయ్యి తీయమన్న."

"అమ్మా! ఎయిర్‌లైన్ వాళ్లను ఆగమన్నవా?"

"అంటే ఏమాయె? ఆగిండు. పిల్ల దిగిందా? తనే దింపిందా? శాంతమ్మకు చెప్పుండ్రి ముందుగాల, ఈసారి నిజంగనే పాడించుకుంటది."

అవతల బకెట్ నీళ్లు నెత్తి మీద పడి తడిసి ముద్దయిన వసంత, జుట్టు మొఖానికి అతుక్కుని, రెండు చేతులూ చాపుకుని పరుగెత్తుకు వస్తోంది. "అక్కా! నేనే దింపిన! రేపు గూడ నువ్వే వస్తవు గదక్కా?"

ఫోన్‌లో రామేశ్వరమ్మ గొంతు తగ్గించింది.

"ఇగో, ఆ కంపెనీ ఆయన ఇంక లైన్లనే ఉన్నడే. నా ఫోను ఈ చేతిల ఉంది, మీ నాయిన ఫోను ఆ చేతిల ఉంది. మొన్నటిదాంక అయితే వస్తదని ఆయనకు నేనే చెప్పేదాన్ని. ఇయ్యాల చెప్ప. నువ్వే చెప్పు, ఏమనాలె?"

సంధ్య నోరు తెరిచింది. తడి చేతులు వచ్చి మెడ చుట్టూ పడ్డాయి.

"తొందరగ చెప్పవే," అంది రామేశ్వరమ్మ. "నవ్వుతనే ఉన్నడు గని, ఎంతసేపని నవ్వుతడు?"